వానపిల్ల కింది సగం

ఆ ప్రెస్సులో ఎవరి చెయ్యి తప్పినా కటింగమ్మ చెయ్యి తప్పదని పేరు. ఇరవై రెండేళ్ళుగా ఒకే కటింగ్ మిషను ముందు ఒకే చోట నిలబడి, అక్కడి సిమెంటు నేలను రెండు పాదాల మేర నున్నగా అరగదీసింది. కాగితం దొంతర తెచ్చి బల్ల మీద పెడితే అంచులు అరచేత్తో తట్టి, సరిచేసి, బ్లేడు కిందికి తోసి, రెండు చేతులతో రెండు మీటలూ ఒకేసారి నొక్కేది. తెగిన అంచు మీద వేలు పెడితే జారిపోయేది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినబడదు. ఓనరు దగ్గర్నుంచి నేల ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె కటింగమ్మే.

పని అంత బాగా వచ్చినవాళ్ళకు ఒక జబ్బు కూడా వస్తుంది. తమ పనిలో ఎదుటివాళ్ళకు ఆవగింజంతైనా తెలిసి ఉండవచ్చని ఒప్పుకోలేరు. కటింగమ్మకు ఆ జబ్బు బాగా ముదిరింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది చూపించినవాళ్ళతో నెల రోజులు మాటలుండవు.

ఆమె సొంత అక్క అదే ప్రెస్సులో మడతల బల్ల దగ్గర పనిచేసేది. కాగితం మడిచి, చిన్న చెక్కబద్దతో ఒక్క దువ్వు దువ్వితే మడత కత్తిలా నిలిచేది. ఆవిడకు పనీ వచ్చు, నవ్వూ వచ్చు. చెల్లెలికి పని మాత్రమే వచ్చు. ఇద్దరికీ మధ్యాహ్నం ఒకే డబ్బాలో అన్నం. కానీ అందరూ వచ్చి కూర్చునేది అక్క పక్కన. చెల్లెలు దాన్ని ఏనాడూ పైకి అనలేదు. లోపల మాత్రం ఉండేది, ఎందుకుండదు?

తొమ్మిదేళ్ళ కిందట ఆ ప్రెస్సుకు ఒక డ్రాయింగు టీచరు వచ్చింది. తానే బొమ్మలు గీసి కల్పించిన పేకల ఆట ఒకటి అచ్చు వేయించాలని ఆమె కోరిక. ఆట పేరు ‘మాయపిల్లలు’. మొత్తం పన్నెండు మంది బడిపిల్లలు. పగలంతా సంచి తగిలించుకుని బడికి పోతారు, ఊరికి ఆపద వస్తే మెరుపులూ రిబ్బన్లూ చుట్టుకుని మాయపిల్లలైపోతారు. ఒక్కో పిల్లకు ఒక దళసరి కార్డు. పై సగంలో మాయపిల్ల. మధ్యలో ఒక అడ్డగీత, చిన్న చిన్న ముక్కలుగా. కింది సగంలో అదే పిల్ల మామూలు బట్టల్లో, పక్కన ఒక ప్రశ్న: ‘ఈ పిల్ల దేన్ని వదులుకోదు?’ దాని కింద జవాబు రాసుకోవడానికి ఖాళీ. ఇవి కాక ఆపద కార్డులు, శక్తి కార్డులు, తోడు కార్డులు. కార్డులన్నీ అచ్చయ్యాయి, కటింగమ్మ చేతుల మీదే తెగాయి. ఆట ఎలా ఆడాలో చెప్పే కాగితాలు ఒక వైపే అచ్చయ్యాయి. రెండో వైపు దిద్దుకుని తెస్తానన్న టీచరు మళ్ళీ రాలేదు. ఫోను ఎత్తలేదు. ఆమెకేమైందో ఆ ప్రెస్సులో ఎవరికీ తెలియదు.

మూడు నెలలు చూసి ఓనరు సరుకంతా తీసేయమన్నాడు. ఒక వైపు తెల్లగా ఉన్న కాగితం అక్కడ పారేయరు. అచ్చు వైపు కిందికి బోర్లించి, నాలుగు ముక్కలుగా కోసి, పై అంచుకు జిగురు రాసి, చిత్తు రాసుకునే కట్టలు చేస్తారు. ఆ పని కటింగమ్మది. చేసింది. కోసేదాన్ని ఆమె చదవలేదు. మిఠాయి కొట్టువాడికి తీపి మీద ఆశ చచ్చినట్టు, అచ్చు పనివాళ్ళకు అక్షరం మీద చూపు ఆనదు.

తరువాత కార్డులు చిత్తుకు పోతుంటే అక్క ఒక పెట్టె పక్కన పెట్టింది. శనివారం ఒంటిపూట పని. నాలుగింటికి చిత్తు కాగితాలు ఎత్తుకుపోయే బండి వచ్చేదాకా కొందరు ఉండాలి. రెండింటి నుంచి నాలుగింటి దాకా ఈగలు తోలుకునే బదులు ఈ ఆట ఆడదామంది. పెట్టెలో చూస్తే ఎలా ఆడాలో చెప్పే కాగితం లేదు. అది ఏమైందో ఎవరికీ తట్టలేదు. కార్డులు చూసి వాళ్ళే నియమాలు కట్టుకున్నారు. ఆపద కార్డు తిప్పాలి. చేతిలోని శక్తి కార్డులు వేసి, తన పిల్ల ఆ ఆపదను ఎలా ఎదుర్కొందో గొంతెత్తి కథలా చెప్పాలి. చెప్పకపోతే కార్డు చెల్లదు. శక్తి చాలకపోతే పక్కవాళ్ళు తోడు కార్డు వేసి కాపాడవచ్చు. పెద్ద మిషను నడిపే మావయ్యకు మీసాలు చెవుల దాకా ఉండేవి. ఆయన గాలిపిల్లను తీసుకుని, సన్నటి గొంతుతో ‘అయ్యో నా రిబ్బను’ అన్నాడంటే బైండింగు వాళ్ళు కిందపడి నవ్వేవాళ్ళు.

ఓడిన పిల్లను ఏం చెయ్యాలన్న దగ్గర పేచీ వచ్చింది. కార్డు మధ్య గీత దేనికి?

“అది చింపు గీత. ఓడితే చింపెయ్యాలి” అంది కటింగమ్మ.

అక్క కార్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ కొద్దిగా వంచి చూసింది. కట్టెకు ఉన్నట్టే కాగితానికీ ఒక వాలు ఉంటుంది. ఆ వాలు వెంట వంచితే మెత్తగా వంగుతుంది, అడ్డంగా వంచితే మొండికేస్తుంది.

“చిన్నీ, ఇది మడత గీతే. వాలు దీని వెంటే ఉంది, చూడు.”

“వాలు వెంట చింపినా నేరుగానే చిరుగుతుంది. చుక్కలైతే మడత, ముక్కలైతే చింపు. ఈ ప్రెస్సులో మొదట్నుంచీ అదే లెక్క. గీతల సంగతి నాకు చెప్పకక్కా.”

నిజమే, ఆ ప్రెస్సులో అదే లెక్క. డ్రాయింగు టీచరుకు ఆ లెక్క తెలియదన్న ముక్క కటింగమ్మకు తోచలేదు. అక్క నవ్వేసి, సరేలే తల్లీ అని వదిలేసింది. గోటితో పోయేది అక్కడే పోయి ఉండాల్సింది.

అక్క తీసుకున్నది వానపిల్లను. దేన్ని వదులుకోదు అన్న చోట బాల్ పెన్నుతో, కొమ్ములు గుండ్రంగా తిప్పే తన చేతిరాతతో, ‘పొద్దున్నే నా కూతురికి జడ వెయ్యడం’ అని రాసింది. కార్డు మీది పద్నాలుగేళ్ళ బడిపిల్లకు కూతురేమిటని అందరూ ఏడిపించారు. మాయ ఉన్న పిల్లకు ఏదైనా ఉంటుందని ఆవిడ జవాబు. కటింగమ్మ అద్దంపిల్లను తీసుకుని ‘అన్న మాట’ అని రాసుకుంది.

మొదట చిరిగింది బైండింగు ఆవిడ పిల్ల. చింపే పని కటింగమ్మే తీసుకుంది. గీత మీద గోరు ఆనించి ఒక్క లాగు. పై సగం, అంటే మాయపిల్ల బొమ్మ, తన మిషను పైన గోడకు పిన్నుతో గుచ్చింది. కింది సగం చిత్తు గంపలోకి. రెండో ఏడు మావయ్య గాలిపిల్ల పోయింది. ఇంకో కార్డు తీసుకున్నాడు గానీ ఆ సన్నగొంతు మళ్ళీ పెట్టలేదు. ఎవరు బతిమాలినా ఆమెది ఒకటే మాట, ఆటంటే ఆటే అని. గోడ మీద బొమ్మలు ఒక్కొక్కటే పెరిగాయి. ఓనరు కొత్తవాళ్ళకు ప్రెస్సు చూపిస్తూ వాటి దగ్గర ఆగి, మా కటింగమ్మ వేట అని నవ్వేవాడు. ఆమెకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

మూడో ఏడు అక్కకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి నడిచి వెళ్ళిన మనిషి నడిచి తిరిగి రాలేదు. పిల్లకు తండ్రి ముందే లేడు. పదహారేళ్ళ కూతుర్ని పిన్ని తన గదికి తెచ్చుకుంది. ఒక మంచం, ఒక కిటికీ, ఒక స్టవ్వు. మంచం పిల్లకిచ్చి తాను నేల మీద పడుకుంది. ఆ మేరకు మంచిదే. అన్నం పెట్టింది, మందులు కొన్నది, పని నేర్పించింది. జడ మాత్రం వెయ్యలేదు. తనకు చేతకాదంది.

పిల్ల వాళ్ళమ్మ ఎత్తుపీట మీదే కూర్చుని, వాళ్ళమ్మ చెక్కబద్దతోనే మడతలు పెట్టడం మొదలుపెట్టింది. అందరూ మడతపిల్ల అన్నారు. ప్రెస్సు మొత్తంలో కటింగమ్మను పిన్నీ అని పిలిచేది ఆ ఒక్క నోరే. శనివారం ఆటలో వానపిల్ల ఎవరిదన్న ప్రశ్న రాలేదు, తల్లి కార్డు కూతురిదే అన్నారు. మడతపిల్ల ఆ కార్డును ఆడేటప్పుడు బొటనవేలితో అమ్మ రాతను నిమురుతూ ఉండేది. ఒకసారి వంచి చూసి, “ఇది మడత గీతలాగే ఉంది పిన్నీ” అంది. మీ అమ్మా ఇలాగే అనేదని కసిరి కటింగమ్మ మాట తెంచేసింది. ఆట అయ్యాక అందరి చేతుల్లో మిగిలిన కార్డులు ఏరి, లెక్కపెట్టి, పెట్టెలో సర్దే పని కూడా మడతపిల్లదే.

అలా ఏడేళ్ళు తిరిగేసరికి గోడ మీద పది బొమ్మలు చేరాయి. ఇంకా ఒంటి మీద తల ఉన్నవి రెండే, అద్దంపిల్ల, వానపిల్ల.

ఒక శనివారం పొద్దున అన్నం డబ్బా సర్దుతూ మడతపిల్ల చెప్పింది. ఊరి ఆ చివరి పెద్ద ప్రెస్సులో తనకు పని దొరికింది. అక్కడే ఇద్దరు స్నేహితురాళ్ళతో గది చూసుకుంది. సోమవారం నుంచి వెళ్తుంది. పిన్ని మీద కోపం లేదు, పిన్ని ఇన్నాళ్ళూ నేల మీద పడుకుంటోంది, ఇకనైనా మంచం మీద పడుకోవాలి. ఇదంతా చెప్పి, ఒక్కటి మాత్రం అడిగింది. వానపిల్ల కార్డు తనతో తీసుకెళ్తానంది. అమ్మ చేతిరాతతో ఉన్నది తన దగ్గర ఇంకేమీ లేదంది.

పెంచినదాన్ని నేను, తీసుకెళ్ళేది వాళ్ళమ్మ రాతనా అనుకుంది కటింగమ్మ. పైకి మాత్రం, ఈ పూట ఆట కానీ, తరవాత చూద్దాం అంది.

రెండింటికి కూర్చున్నారు. ఆడేది ఇద్దరే. మావయ్య టీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు. మూడున్నర దాటాక మడతపిల్ల తిప్పిన ఆపద కార్డు నల్లవరద. దాన్ని ఆపడానికి మూడు కావాలి, ఆమె చేతిలో శక్తి కార్డులు రెండే. రెండూ వేసింది. వానపిల్ల వంతెన మీద నిలబడి, వానను వెనక్కి రమ్మని పిలుస్తోందని చెప్పింది. కురిసినదంతా చినుకు చినుకుగా పైకి పోతోంది, కానీ చేతులు నొప్పెడుతున్నాయి, ఇంకొకరు పట్టుకుంటే చాలని చెప్పింది. చెప్పి పిన్ని వైపు చూసింది.

“పిన్నీ, తోడు ఉందా?”

కటింగమ్మ చేతిలో ఐదు కార్డులున్నాయి. ఎడమ నుంచి రెండోది తోడు కార్డు. దాని మీద రెండు చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న బొమ్మ. ఆమె దాన్ని చూసింది, చూసి కార్డులు దగ్గరికి మూసింది.

“లేదు.”

మావయ్య గ్లాసు కింద పెట్టి, ఈ ఒక్కసారికి వదిలెయ్యమన్నాడు, వెళ్ళిపోయే పిల్ల కదా అన్నాడు. కటింగమ్మ వినిపించుకోలేదు. వానపిల్లను అందుకుంది, గీత మీద గోరు ఆనించింది. మడతపిల్ల ఏడవలేదు. కింది సగం తనకిమ్మని మాత్రం అడిగింది. బొమ్మ వద్దు, గోడకు గుచ్చుకో, రాత ఉన్న ముక్క ఒక్కటి చాలంది.

“కింది సగం చిత్తులోకే. అందరికీ అంతే” అంది కటింగమ్మ. చింపింది. చిత్తు గంపలో పారేసింది.

ఆ గంప మనిషి నడుమెత్తు ఉంటుంది. నిండా బ్లేడు కింద రాలిన సన్నటి పేలికలు, వారం రోజులవి. మడతపిల్ల మోచేతుల దాకా చేతులు పెట్టి దేవింది. మావయ్య కూడా వంగాడు. నాలుగైదు సార్లు దళసరి ముక్కలు దొరికాయి, అవి వేరే ఏవో అట్టలు. నాలుగింటికి బండి వచ్చింది. బండివాళ్ళకు ఇంకో మూడు చోట్లకు పోవాలి, గంప ఎత్తి గోనెలో కుమ్మరించుకుని పోయారు. అంతసేపూ కటింగమ్మ మిషను దగ్గర నిలబడి, శుభ్రంగా ఉన్న బ్లేడునే నూనె గుడ్డతో తుడుస్తూ ఉంది. మడతపిల్ల చేతులు దులుపుకుని వచ్చింది. అలవాటు ప్రకారం బల్ల మీది కార్డులన్నీ ఏరి, పెట్టెలో సర్దింది. సోమవారం కాదు, ఆ సాయంత్రమే సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆటకు కనీసం ఇద్దరు కావాలి. గోడ మీద పదకొండు బొమ్మలు, పెట్టెలో ఒక్క అద్దంపిల్ల. అందరికంటే గట్టిగా ఆడి గెలిచిన మనిషికి ఆడటానికి ఎవరూ మిగల్లేదు. శనివారాలు ఆమె ఒక్కతే చిత్తు బండి కోసం కూర్చునేది. మంచం ఖాళీగానే ఉంది, ఆమె నేల మీదే పడుకుంటోంది. మడతపిల్ల ఫోను చెయ్యలేదు. కటింగమ్మ చేస్తే ఎత్తలేదు.

ఏడాదిన్నర అలా గడిచాక కటింగమ్మకు చత్వారం వచ్చింది. కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని మిషను కింది అరలో చేతికందిన కాగితం తీసి చదివి చూసుకోబోయింది. అదొక చిత్తు కట్ట. పై కాగితం మీద మడతపిల్ల రాత, ఆఖరి ఆటలో ఎవరు ఎన్ని ఆపదలు దాటారో వేసుకున్న గీతలు. దాన్ని తిప్పింది. వెనక అచ్చు ఉంది. సన్నటి అక్షరాలు. కొత్త అద్దాల్లోంచి చక్కగా కనబడ్డాయి.

‘ఓడిన పిల్ల కార్డును గీత వెంట మడవండి. చించకండి. ఆ పిల్ల మామూలు పిల్లగా ఇంటికి వెళుతుంది. ఆమెను మళ్ళీ ఆటలోకి పిలిచే హక్కు’. అక్కడికి అంచు వచ్చింది. నున్నటి అంచు.

రెండో కాగితం తిప్పింది. అదే ముక్క. మూడోది, అదే. దొంతరను నాలుగుగా కోస్తే ఒక్కో కట్టలో ఒకే ముక్క వందసార్లు వస్తుంది, ఆ సంగతి ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు? అయినా చివరిదాకా తిప్పుతూనే పోయింది. చించకండి, చించకండి, చించకండి. మిగతా మూడు కట్టలు ఏనాడో వాడి పారేశారు. ఏడేళ్ళూ ఆట నియమం మీదే లెక్కలు వేసుకుని ఆట ఆడారు. కటింగమ్మ ఇన్నేళ్ళలో మొదటిసారి పని వేళలో కూర్చుంది.

మర్నాడు సెలవు పెట్టి రెండు బస్సులు మారి ఆ పెద్ద ప్రెస్సుకు వెళ్ళింది. చేతిసంచిలో ఒక చిత్తు కాగితం, అద్దంపిల్ల కార్డు. దారంతా ఒకటే అనుకుంది. మళ్ళీ పిలవొచ్చని అచ్చులో ఉంది కదా, చూపిస్తే వస్తుంది, ఎందుకు రాదు, ఎంతైనా నా అక్క కూతురు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళంతా అనుకునేది ఇదే.

మడతపిల్ల ఎత్తుపీట మీద కూర్చుని మడతలు పెడుతోంది. చేతిలో వాళ్ళమ్మ చెక్కబద్ద. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. పిన్నిని చూసింది, చెయ్యి ఆపలేదు. కటింగమ్మ నిలబడే చెప్పింది. గీత చింపు గీత కాదట, మడత గీతేనట, నిన్ననే తెలిసిందని చెప్పింది.

“అమ్మ చెప్పింది. నేనూ చెప్పాను” అంది మడతపిల్ల.

“ఓడినా మళ్ళీ పిలవొచ్చట. ఇదిగో, రాసుంది.”

మడతపిల్ల కాగితం అందుకోలేదు. వంగి చదివింది.

“ఎవరు పిలవాలట?”

“అక్కడ తెగిపోయింది.”

“ఎవరు కోశారు?”

“నేనే” అంది కటింగమ్మ.

మడతపిల్ల తల ఊపింది. చెయ్యి చాచి అద్దంపిల్ల కార్డు తీసుకుంది. గీత దగ్గర వెనక్కి వంచి, చెక్కబద్దతో ఒక్క దువ్వు దువ్వింది. కార్డు చప్పుడు లేకుండా వంగింది. మాయపిల్ల వెనక్కి పోయింది. ముందు సంచి తగిలించుకుని ఇంటికి పోతున్న మామూలు పిల్ల, పక్కన ‘అన్న మాట’ అన్న కటింగమ్మ రాత మిగిలాయి. దాన్ని బల్ల మీద పిన్ని వైపు జరిపింది.

“ఇంతే పని. ఆ రోజు నీ చేతిలో తోడు ఉంది పిన్నీ. కార్డులు సర్దింది నేనే కదా.”

కటింగమ్మ ఏదో అనబోయింది. క్షమించమనే అనబోయిందేమో. ఆ మాట ఎన్నడూ వాడినది కాదు, సమయానికి నోటికి రాలేదు. ఇంతలో భోజనం గంట కొట్టారు. మడతపిల్ల బద్ద తుడిచి సొరుగులో పెట్టి, అన్నం డబ్బా తీసుకుని లేచింది. పక్క బల్ల అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, ఎవరావిడ, మీవాళ్ళా అని అడిగింది.

“కాదు. మా పాత ప్రెస్సులో కటింగమ్మ” అంది మడతపిల్ల.

ఇద్దరూ మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. కటింగమ్మ మడత పడిన కార్డు తీసి సంచిలో పెట్టుకుని, వచ్చిన దారినే బస్సు దగ్గరికి నడిచింది.